సైబర్ శిక్షణ ఆటలో ఏ పాత్ర మేలు: హ్యాకరా, మీరు మీరేనా, పక్క సీటు మనిషా?

సైబర్ భద్రత శిక్షణ కోసం పాత్రల ఆట (తలా ఒక పాత్ర తీసుకుని ఊహాజనిత దాడిని ఎదుర్కొనే ఆట) ఆడించేటప్పుడు ఖాళీ కాగితం ఇచ్చి "మీ పాత్రను మీరే తయారు చేసుకోండి" అంటే చాలామంది చేతిలో పుట్టేది హ్యాకరే. ఏ పాస్‌వర్డయినా నిమిషంలో ఛేదిస్తాడు, ఏ సర్వర్‌లోకైనా దూరిపోతాడు. కొందరు తమ పేరు, తమ హోదా రాసేసి ఊరుకుంటారు. మూడో దారి ఒకటుంది. తమ సంస్థలోనే, తమది కాని ఉద్యోగం చేసే మామూలు మనిషిని ఎంచుకోవడం. తమంతట తాము అటు వెళ్లేవాళ్లు తక్కువ. ఈ మూడు రకాలూ ఆడించి చూశాను, నా ఓటు మూడోదానికే. మిగతా రెండూ పనికిరానివని కాదు, వాటి సమయం వేరు.

హ్యాకర్ పాత్రతో లాభం ఉంది. అమెరికా రక్షణ సంస్థ లాక్‌హీడ్ మార్టిన్ 2011లో సైబర్ దాడిని ఏడు దశలుగా విడదీసి చూపింది. ముందు ఆరా తీయడం, తర్వాత ఆయుధం తయారు చేసుకోవడం, దాన్ని చేరవేయడం, అలా మెట్టుమెట్టుగా అనుకున్న పని ముగించేదాకా. ఏ ఒక్క మెట్టు దగ్గర అడ్డుకున్నా దాడి ఆగిపోతుందన్నది అందులోని సారం. దొంగ స్థానంలో కూర్చున్నవాళ్లకు ఇది బాగా వంటబడుతుంది. ఫిషింగ్ మెయిల్ (నమ్మించి లింక్ నొక్కించే దొంగ మెయిల్) పంపి ఊరుకుంటే సరిపోదని, లోపలికొచ్చాక కూడా డబ్బున్న చోటికి చేరాలంటే ఇంకా చాలా గుమ్మాలు దాటాలని తెలుస్తుంది. కానీ మొదటిసారి ఆడేవాళ్ల చేతిలో ఈ పాత్ర బలప్రదర్శన అయిపోతుంది. పాచిక వేయడం, సర్వర్ పడిపోవడం, చప్పట్లు. మర్నాడు సీట్లో కూర్చున్నాక వాళ్లు చేసే పనికి అందులో పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే హ్యాకర్‌ను ఆట నడిపేవారి దగ్గరే ఉంచుతాను. రెండుమూడు ఆటలు ఆడినవాళ్లు అడిగితే అప్పుడు ఇస్తాను.

ఇక మీరు మీరుగానే ఆడటం. దాడి జరిగితే ఏం చేయాలో సంస్థ రాసుకున్న ప్రణాళిక నిజంగా పనిచేస్తుందో లేదో చూడాలంటే ఇంతకు మించిన పద్ధతి లేదు. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఆ నంబర్ పడిపోయిన సర్వర్‌లోనే ఉంటే ఎలా, బ్యాకప్ నుంచి డేటా తిరిగి తెచ్చే పని ఎవరిది? ఇలాంటి ప్రశ్నలకు అసలు మనుషులే జవాబు చెప్పాలి. అయితే నేర్పడానికి మాత్రం ఈ పద్ధతి అంతగా పనికిరాదు. పక్కనే పై అధికారి కూర్చుని ఉండగా "ఆ లింక్ నేను నొక్కేసేదాన్నే" అని ఎవరు ఒప్పుకుంటారు? ఒక ఆటలో అకౌంట్స్ విభాగం నుంచి వచ్చిన ఒకావిడ ప్రతి మలుపులోనూ "వెంటనే ఐటీ వాళ్లకు చెబుతాను" అంటూ వచ్చారు. అందరూ తలూపారు. గంట గడిచింది, ఎవరికీ కొత్తగా తెలిసింది లేదు. రెండో ఆటలో ఆవిడకే గోడౌన్ ఇన్‌చార్జి పాత్ర ఇచ్చాం. పది నిమిషాల్లో లింక్ నొక్కారు, నొక్కిన సంగతి దాచారు, ఎందుకు దాచాల్సి వచ్చిందో కూడా చెప్పారు. ఆ రోజు మేం అసలు మాట్లాడుకున్నది ఆ కారణం గురించే.

మూడో రకం పాత్ర ఎంత లోతుగా వెళ్లగలదో చూడాలంటే 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకులో జరిగిన దోపిడీని తీసుకోండి. బ్యాంకులు ఒకదానికొకటి చెల్లింపు ఆదేశాలు పంపుకునే స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా, ఆ బ్యాంకుకు ఖాతా ఉన్న న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌కు 35 దొంగ ఆదేశాలు వెళ్లాయి. మొత్తం విలువ దాదాపు 95 కోట్ల డాలర్లు. చివరికి 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు చేరిపోయాయి. ఆ శుక్రవారం (బంగ్లాదేశ్‌లో అది వారాంతపు సెలవు) బ్యాంకు సిబ్బందికి కనిపించింది ఒక్కటే: లావాదేవీలను అచ్చువేసే ప్రింటర్ పనిచేయడం లేదు. మామూలుగా వచ్చే ఇబ్బందే అనుకున్నారు. శ్రీలంకకు వెళ్లాల్సిన 2 కోట్ల డాలర్లు ఆగింది కూడా ఏ భద్రతా సాఫ్ట్‌వేర్ వల్లా కాదు. ఆదేశంలో "ఫౌండేషన్" అన్న మాట స్పెల్లింగ్ తప్పుగా ఉందని మధ్యలో ఉన్న డాయిష్ బ్యాంక్‌లో గమనించి ఆరా తీశారు.

ఇందులో రెండు గొప్ప పాత్రలున్నాయి, రెండింటికీ హ్యాకింగ్ తెలియదు. ఒకరు ప్రింటర్ గది ఉద్యోగి, ఇంకొకరు ఆదేశాన్ని అక్షరం అక్షరం చదివే మనిషి. ప్రింటర్ ఉద్యోగిగా మీరు ఆడితే మీ చేతిలో ఉన్నది ఒక చెడిపోయిన యంత్రం. అవతలి దేశంలో ఫోన్ ఎత్తేవాళ్లు లేని వారాంతం. పైవాళ్లను సెలవు రోజున కదిలించాలా వద్దా అన్న సంకోచం. ఇది చిన్న గుర్తే, పెద్ద ప్రమాదానికి గుర్తో కాదో తెలియదు. నిజం దాడులు మామూలు ఉద్యోగికి ఎదురయ్యేది ఇలాగే. "హ్యాకింగ్ నైపుణ్యం: 9" అని రాసుకున్న పాత్రకు ఈ తడబాటు తెలియనే తెలియదు.

అంకెల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో పోలిక. పాత్రకు బలం, తెలివి అంటూ మార్కులు వేయాలా, లేక మాటల్లో రాయాలా? బ్లాక్ హిల్స్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ సంస్థ తెచ్చిన బ్యాక్‌డోర్స్ అండ్ బ్రీచెస్ అనే కార్డుల ఆటలో ఇరవై ముఖాల పాచిక వేస్తారు. 11 లేదా అంతకు పైన పడితే దాడిని పట్టుకోవడానికి చేసిన ప్రయత్నం నెగ్గినట్టు. సంస్థలో ముందే స్థిరపడిన విధానాలకు 3 కలుపుతారు. నాకు నచ్చింది ఆ కలిపే చోటు. అది మనిషి ప్రతిభకు కాకుండా సంస్థ అలవాటుకు దక్కుతుంది. నేను కూడా పాత్రకు మార్కులు వేయను. బ్యాకప్‌ను తిరిగి తెచ్చి చూసుకున్నారా, రెండో అంచె ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది) ఉందా అన్నవాటికే అదనపు అంకెలిస్తాను.

పాత్ర కాగితం మీద మూడు వాక్యాలు చాలు. దేనికి అనుమతి ఉంది, ఏం తెలియదు, ఆ రోజు మెడ మీద ఏ ఒత్తిడి ఉంది. మూడోదాని దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. లింక్ నొక్కే పాత్రను అమాయకుడిగానో బద్ధకస్తుడిగానో రాస్తారు. అలా రాస్తే ఆడేవాళ్లందరూ "నేను అలాంటివాణ్ని కాను" అనుకుని ఇంటికెళ్తారు. నొక్కడానికి మంచి కారణం ఉండాలి. నెలాఖరు, సరకు ఇచ్చినవారి బిల్లు కోసం పొద్దుటి నుంచి ఎదురుచూపు, సరిగ్గా అప్పుడే బిల్లు అంటూ వచ్చిన మెయిల్. ఆ మనిషి పనిమంతుడు కాబట్టే నొక్కాడు.

ఎవరికి ఏ పాత్ర అన్నదాంట్లో నాకు ఒకటే పట్టుదల: పెద్ద హోదాలో ఉన్నవారికి హెల్ప్‌డెస్క్ (ఉద్యోగుల కంప్యూటర్ ఇబ్బందులు చూసే చోటు) పాత్ర ఇవ్వాలి. ఒక మేనేజర్‌గారు అలా ఆడుతుండగా ఆటలో ఫోన్ వచ్చింది: "ఎండీగారు విమానం ఎక్కబోతున్నారు, పాస్‌వర్డ్ వెంటనే మార్చండి." ఆయన కాసేపు ఆలోచించి మార్చేశారు. ఆట అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "మా హెల్ప్‌డెస్క్ పిల్లలకు ఎండీగారి పేరు చెప్పినవాళ్లకు కుదరదని చెప్పే అధికారం ఉందంటారా?" అని అడిగారు. ఐటీ పెద్దను అడిగితే ఆయనకూ తెలియదు. తర్వాతి ఆట కోసం హెల్ప్‌డెస్క్ కాగితంలో అనుమతి అన్న వాక్యాన్ని ఆ మేనేజర్‌గారే కూర్చుని రాశారు.