పట్టాలు లేని రైలుదారి వెంట: మున్నార్ నుంచి టాప్ స్టేషన్ దాకా

మా నాన్న పెరంబూర్ రైలు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మున్నార్ వెళ్దామంటే మొదట "టీ తోటలు చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మా" అన్నారు. అక్కడ ఒకప్పుడు కుండళ వ్యాలీ రైలు నడిచేదని, 1924 వరదల్లో మొత్తం కొట్టుకుపోయిందని చెప్పాను. ఆ తర్వాత టికెట్లు తీశావా అని ఆయనే రెండుసార్లు ఫోన్ చేశారు.

చెన్నైలో మాకు తెలిసినవాళ్ళంతా మున్నార్‌కి కోయంబత్తూరు మీదుగా వెళ్తారు. మేం సెంట్రల్‌లో రాత్రి బోడినాయకనూరు రైలెక్కాం. మధురై దాకా నడిచే ఈ రైలును 2023 జూన్‌లో బోడి వరకు పొడిగించారు. మేం వెళ్ళినప్పుడు వారానికి మూడు రోజులే ఉంది కాబట్టి తిరుగు ప్రయాణం చూసుకునే బయల్దేరాలి. తేని దాటాక కిటికీకి అడ్డంగా కొండలు లేస్తాయి. ఆ అరగంట కోసమైనా నేను ఈ దారినే ఎంచుకుంటాను. బోడిలో దిగి టాక్సీ మాట్లాడుకుంటే, బోడిమెట్టు ఘాట్‌లో 17 హెయిర్‌పిన్ మలుపులు. కడుపులో తిప్పేవాళ్ళు టిఫిన్ పైకి వెళ్ళాకే తినడం మంచిది.

మొదటి రాత్రి మున్నార్ టౌన్‌లోనే ఒక హోటల్లో దిగాం. ఆ డబ్బు దండగ. తెల్లవారుజామున నాలుగింటి నుంచే బస్సుల హారన్లు. వేడినీళ్ళు ఉంటాయని బుకింగ్‌లో రాశారు గానీ, పొద్దున గంటసేపే వస్తాయని రిసెప్షన్‌లో అడిగితే తప్ప చెప్పలేదు. మర్నాడు మాట్టుపెట్టి రోడ్డులో ఒక హోమ్‌స్టేకి మారాం. అద్దె హోటల్ కంటే ఐదు వందలు తక్కువ, పొద్దున పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), కడలకూర (శనగల కూర) ఆ ఇంటావిడే చేసి పెట్టింది. నాన్నకు కారం చాలలేదని గమనించి, మేం తెచ్చుకున్న గోంగూర పచ్చడి కోసం చిన్న గిన్నె తెచ్చి పక్కన పెట్టింది. ఆవిడ తమిళం కూడా మాట్లాడుతుంది, కాబట్టి చెన్నైవాళ్ళకు భాష ఇబ్బంది లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు టౌన్‌లో దిగకుండా నేరుగా ఈ వైపుకు రండి.

రైలు కథ నల్లతన్నిలోని టీ మ్యూజియంలో మొదలుపెట్టాం. సోమవారం సెలవు. అక్కడ 1905 నాటి టీ రోలర్, 1913లో చేసిన సూర్యగడియారం ఉన్నాయి. నాన్న మాత్రం కుండళ వ్యాలీ రైలు ఇంజన్ చక్రం ముందు నిలబడిపోయారు. 1902లో ఇక్కడ వేసింది ఒకే పట్టా మీద నడిచే రైలు. బరువు మోసే చక్రం పట్టా మీద, ఒరిగిపోకుండా ఆపే పెద్ద చక్రం పక్కనున్న రోడ్డు మీద నడిచేవి, లాగేవి ఎద్దులు. "పటియాలాలో నడిచింది కూడా ఇలాంటిదే, ఢిల్లీ రైలు మ్యూజియంలో చూశాను" అన్నారాయన. 1908లో దాన్ని రెండు పట్టాల మధ్య రెండడుగుల వెడల్పుండే నేరోగేజిగా మార్చి ఆవిరి ఇంజన్లు తెచ్చారు. మున్నార్‌లో టీ పెట్టెలు ఎక్కితే మాట్టుపెట్టి, పాలార్ మీదుగా టాప్ స్టేషన్‌కి చేరేవి. అక్కడి నుంచి రోప్‌వే మీద కొట్టగుడికి దిగి, బళ్ళ మీద బోడికి, ఆపైన తూత్తుకుడి రేవులో ఓడెక్కేవి. అంటే మేం పొద్దున వచ్చిన బోడే ఆ టీకి కిందికి దిగే దారి.

పదహారేళ్ళు తిరిగింది ఆ నేరోగేజి. 1924 జూలైలో రోజుల తరబడి వాన కురిసి, కొండలు జారి, ఊరూ రైలూ పోయాయి. మళ్ళీ కట్టలేదు. టౌన్‌లో పాత స్టేషన్ భవనం ఇప్పుడు టీ కంపెనీ ఆఫీసు. లోపలికి వెళ్ళనివ్వరు, రోడ్డు మీద నుంచి చూడొచ్చు. ఆ రైలు కోసమే కట్టిన అల్యూమినియం వంతెన దగ్గర ఐదు నిమిషాలు ఆగితే చాలు.

అసలు నడక రెండో రోజు. టాప్ స్టేషన్ టౌన్ నుంచి 32 కిలోమీటర్లు, అంతా నడవక్కర్లేదు. మేం బస్సులో మాట్టుపెట్టి డ్యామ్ దాటి దిగి, కుండళ వైపు ఏడెనిమిది కిలోమీటర్లు నిదానంగా నడిచాం. ఏనుగులు తిరిగే చోటు కాబట్టి బాగా తెల్లవారి, మంచు విడిచాకే బయల్దేరమని హోమ్‌స్టేవాళ్ళు గట్టిగా చెప్పారు. ఆ మాట వినండి. టీ తోటలు కంపెనీవి, లోపలికి దిగకూడదు, రోడ్డు అంచునే నడవాలి. తొమ్మిదిన్నర దాటితే జీపులు మొదలవుతాయి, ఇక నడకలో సుఖం ఉండదు.

ఎడమ పక్క నీళ్ళు, కుడి పక్క కొండ మీద కొలతేసి కత్తిరించినట్టు టీ మొక్కలు. ఈ నీళ్ళ గురించి ఒక మాట. కుండళ డ్యామ్ 1946లో, మాట్టుపెట్టి 1953లో కట్టినవి. రైలు నడిచిన రోజుల్లో ఇక్కడ ఇంత జలాశయం లేదు, లోయ అడుగున పారే ఏరే ఉండేది. నాన్నకు అది చెప్పాక ఆయన చూపు మారింది. నీళ్ళ గట్టున ఒకచోట ఆగి "రైలు నిలువుగా ఎక్కలేదమ్మా, కొండను చుట్టుకుంటూ పోతుంది. చూడు, ఈ వంపు ఎంత మెల్లగా లేస్తుందో. నన్నడిగితే పట్టా ఇక్కడే ఉండుండాలి" అన్నారు. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ ఆగి, ఎక్కుడు ఎంతుందో అరచేత్తో కొలిచి చూపించారు. ముప్పైయేళ్ళుగా ఆయన ఫ్యాక్టరీ నుంచి ఇంటికి రావడమే చూశాను గానీ, పనిలో ఎలా ఉండేవారో నాకు తెలిసింది ఆ రోడ్డు మీదే.

ఎకో పాయింట్‌లో జనం, మొక్కజొన్న పొత్తులు, అరుపులు. ఆగలేదు. కుండళలో బోటింగ్‌కి క్యూ ఉంది, అదీ వద్దనుకున్నాం. అక్కడి నుంచి టాప్ స్టేషన్‌కి మళ్ళీ బస్సు. టౌన్‌లో టాక్సీ మాట్లాడుకుంటే "ఎనిమిది పాయింట్లు, ఒక్క రోజు" అని పాకేజీ చెప్తారు, పాయింటుకి ఇరవై నిమిషాలు ఇస్తారు. మేం మొదటి సాయంత్రం అలా తిరిగి, ఏం చూశామో గుర్తులేక బాధపడ్డాం. బస్సులు తక్కువే, కానీ టైము ముందే అడిగి పెట్టుకుంటే చాలు.

టాప్ స్టేషన్ తమిళనాడులోకి వస్తుంది. వ్యూపాయింట్‌కి చాలా మెట్లు దిగాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పై నుంచే చూడొచ్చు. నాన్న సగం దాకా దిగారు. కింద కొట్టగుడి వైపు మబ్బు కమ్ముకుని ఉంది. అటు నుంచి, కురంగణి మీదుగా పైకి వచ్చే కాలిబాటలో మధ్య మజిలీని ఇప్పటికీ రోప్‌వే నాటి పేరుతో సెంట్రల్ స్టేషన్ అనే పిలుస్తారు. 2018 మార్చి 11న ఆ కొండల్లోనే కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు, వాళ్ళలో మన చెన్నై నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది. అటవీశాఖ అనుమతి లేకుండా, ఎండాకాలంలో ఆ దారి పట్టవద్దు.

మబ్బు విడుస్తుందేమోనని గంటసేపు టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాం. విడవలేదు. బస్సు వచ్చే వేళయిందని లేస్తుంటే నాన్న, "వానలు తగ్గాక కింద కురంగణిలో దిగుదాం, నేను నడవలేకపోయినా నువ్వు పైకి రా, నేను బస్సులో వచ్చి ఇక్కడే కూర్చుంటాను" అన్నారు. డిసెంబర్‌కి టికెట్లు చూస్తున్నాను.