బర్గండీ ద్రాక్షతోటల దారా, మిది కాలువ గట్టా?

ఫ్రాన్స్‌లో సైకిల్ యాత్ర అనగానే ముందు వచ్చే ప్రశ్న ఇదే.

దక్షిణాన మిది కాలువ టూలూజ్ నుంచి మధ్యధరా తీరం వైపు సుమారు 240 కిలోమీటర్లు. పియేర్ పోల్ రికే పూనికతో 1666లో మొదలై 1681లో పూర్తయింది. గట్టు దారి కాబట్టి ఎత్తుపల్లాలు దాదాపు లేవు. కానీ చదును అంటే సుఖం అనుకోవద్దు. టూలూజ్ దాటాక యాభై కిలోమీటర్ల దాకా తారు దారి, ఆ తర్వాత చాలాచోట్ల మట్టి, రాళ్లు, చెట్ల వేర్లు. సన్న టైర్లతో వెళితే నడుము పట్టేస్తుంది. నీడనిచ్చే ప్లేన్ చెట్లకు శిలీంధ్ర తెగులు సోకి వేలకొద్దీ నరికేశారు, కాబట్టి ఎండాకాలం టోపీ తప్పదు. పడమటి నుంచి వీచే సెర్స్ గాలి వీపున ఉండాలంటే టూలూజ్‌లోనే మొదలుపెట్టాలి. బెజియే దగ్గర ఫోన్సెరాన్ లాకుల మెట్లను పడవలు దిగడం చూడటానికి ఓ గంట ఆగొచ్చు.

తూర్పున వైన్‌కు పేరున్న బర్గండీ ప్రాంతంలో బోన్ నుంచి సాంతెనే దాకా ద్రాక్షతోటల దారి ఇరవై రెండు కిలోమీటర్లే. పొమ్మార్, వోల్నే, మెర్సో ఊళ్ల మీదుగా చిన్న చిన్న ఎత్తులు. తర్వాత సాంత్ర్ కాలువ పక్కన చదును. వైన్ రుచి చూస్తే ఉమ్మేయండి, అక్కడ మద్యం పరిమితి సైకిలిస్టులకూ వర్తిస్తుంది!

వారం సెలవు, లావు టైర్లు ఉంటే మిది. రెండు రోజులే ఉంటే, పిల్లలతో వెళితే, నా ఓటు బర్గండీకే.