సమ్మర్ క్యాంప్ రివ్యూ: కోచింగ్‌కి నాలుగు స్టార్లు, ప్రసంగానికి రెండున్నర

పది రోజులు, పదిహేను వందల రూపాయలు, ఒక టీషర్టు, ఒక టోపీ, రోజూ ఒక అరటిపండు, రెండు బిస్కెట్లు. ఈ మే నెలలో మా మనవణ్ణి పంపిన స్పోర్ట్స్ క్యాంప్ లెక్క ఇది. సికింద్రాబాద్‌లో ఒక క్రైస్తవ సంఘం, అంటే చర్చి వాళ్లు నడిపారు. పేరు రాయను. పాస్టర్ అయ్యగారు మంచి మనిషి, రేపు కూరగాయల బండి దగ్గర ఎదురుపడాల్సినవాళ్లం. మెట్టుగూడ, లాలాగూడ వైపువాళ్లకి ఆకుపచ్చ టీషర్టు క్యాంప్ అంటే చాలు, తెలిసిపోతుంది. ఆ ఆకుపచ్చ మొదటి ఉతుక్కే మా ఆవిడ ఆదివారం తెల్లచీరకి అంటుకుంది. మా ఇంట్లో ఇంకో రెండేళ్లు మర్చిపోరు.

ముందు ఆట సంగతి. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర. స్కూల్ గ్రౌండ్, ఎర్రమట్టి, ఒక పక్క వేపచెట్లు. నలభై ఆరుమంది పిల్లలు, ఇద్దరు కోచ్‌లు, నలుగురు యూత్ పిల్లలు. క్రికెట్ నేర్పే కుర్రాడు లీగ్ ఆడతాడట. మొదటి మూడు రోజులు ఒక్కణ్ణీ బ్యాటింగ్ చేయనివ్వలేదు. గేటు దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులు గొణిగారు, నేనూ గొణిగాను. తర్వాత చూస్తే అర్థమైంది. సున్నంతో గీత గీసి, పరుగు తీసేటప్పుడు బ్యాట్ ఎలా ఆనించాలో నేర్పుతున్నాడు. మన పిల్లలు టీవీలో సిక్సర్లు చూస్తారు, బ్యాట్‌ని గీత మీద గాల్లో ఊపి వచ్చేస్తారు. ఇతను ఏం చేయించాడంటే, గీతకి గజం ముందు నుంచే బ్యాట్ నేల మీద పెట్టి జార్చుకుంటూ రావాలి. వెనక్కి తిరిగి చూస్తే దుమ్ములో చార కనపడాలి. చార లేకపోతే పరుగు లేదు. కేకలు కూడా మూడే: ఎస్, నో, వెయిట్. "రా రా", "ఆగాగు", "చల్ చల్" అన్నవాడు గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్. ఇప్పుడు మావాడు వంటింట్లోకి చెప్పులతో జారుకుంటూ వచ్చి "ఎస్" అంటున్నాడు, వాళ్ల అమ్మమ్మ "నో" అంటోంది. కోచింగ్‌కి నాలుగు స్టార్లు ఇందుకే.

ఒక స్టార్ నీళ్లకి పోయింది. మే నెలలో నలభై ఆరుమందికి ఒక్క వాటర్ క్యాన్. ఏడుంపావుకి ఖాళీ. రెండోరోజు చెప్పాను, మూడోరోజు ఇంకో క్యాన్ తెచ్చారు, నాలుగోరోజు మళ్లీ ఒకటే.

ఇక అసలు సంగతి. ఏడూ నలభైకి పిల్లల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు బైబిల్ వాక్యం చెబుతారు. ఆటని పట్టుకుని విశ్వాసం, రక్షణ (అంటే దేవుడు మనిషిని పాపం నుంచి విడిపించడం) చెప్పడమే ఈ క్యాంప్ ప్రత్యేకత. నేను పుట్టిందీ పెరిగిందీ సంఘంలోనే, ఆటలంటే పిచ్చి, అందుకే ఈ భాగాన్ని కోచింగ్ కన్నా శ్రద్ధగా విన్నాను. తాతలకి గేటు బయటే కుర్చీలు వేశారు, కానీ మైక్ బాగానే వినిపిస్తుంది.

నాలుగోరోజు అయ్యగారే చెప్పారు. జీవితం ఒక ఇన్నింగ్స్. సాతాను బౌలర్, శోధనలు, అంటే పాపంలోకి లాగే ఆశలు, యార్కర్లు. మూడు స్టంపులు విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. బైబిల్‌లో ఎఫెసీ పత్రిక అనే ఉత్తరంలోని రక్షణయను శిరస్త్రాణము హెల్మెట్. ఇక్కడిదాకా పిల్లలు బాగా నవ్వారు, హెల్మెట్ దగ్గర బండి చలానా జోకు నాకూ నచ్చింది. ఆ తర్వాతే బండి పక్కకి పోయింది. దేవుడు సెలెక్టర్ అన్నారు. మన స్కోరు ఆయన రాసుకుంటున్నాడన్నారు. బాగా ఆడినవాళ్లే పరలోకం టీమ్‌లో ఉంటారన్నారు.

ఆ పొద్దున మావాడు మొదటి బంతికే బౌల్డ్. స్కూటర్ మీద వెనక కూర్చుని మాట్లాడటం లేదు. మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా చొక్కా లాగి, "తాతా, డకౌట్ అయినవాణ్ణి పరలోకం టీమ్‌లో తీసుకోరా?" అన్నాడు.

"రేపు కోచ్‌ని అడుగు" అన్నాను. పిరికి సమాధానం. గ్రీన్ పడింది, బండి లాగించాను.

దీనికి తోడు పాయింట్ల పట్టిక ఒకటి. హాజరుకి పది, టీషర్టు వేసుకొస్తే ఐదు, కంఠత వాక్యం తప్పు లేకుండా చెబితే ఇరవై. చార్టు మీద నాలుగు టీముల పేర్లు, మావాడి టీమ్ అడుగున. ఇంతకీ ఆ రోజు కంఠత వాక్యం ఏమిటో తెలుసా? "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." మీవలన కలిగినది కాదు అన్న వాక్యానికి ఇరవై పాయింట్లు! మావాడు "వరమే" దగ్గర తడబడ్డాడు, ఐదు కోసేశారు.

అయ్యగారితో మెల్లగా అన్నాను. "పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలి కదా బ్రదర్" అన్నారు. అర్థమైంది అయ్యగారూ, బాగా అర్థమైంది, అదే కదా ఇబ్బంది.

అలాగని ఆట ఉపమానం పనికిరాదని కాదు. బైబిల్‌లో సంఘాలకి ఉత్తరాలు రాసిన పౌలుగారే వాడారు. ఆరోరోజు ఫుట్‌బాల్ నేర్పే అమ్మాయి చెప్పింది చూడండి. బైబిల్ కాలేజీలో చదువుతోందట. ముందురోజు మార్కెట్‌లో పది రూపాయల కొత్తిమీర కట్ట కొని, దండలాగా అల్లి తెచ్చింది. పరుగు పందెం పెట్టి, గెలిచిన పిల్ల తలకి పెట్టింది. ఎండలో నిలబెట్టి కథ మొదలుపెట్టింది: కొరింథు పట్టణానికి దగ్గర్లో ఇస్త్మియా అని ఒక చోటు, అక్కడ రెండేళ్లకోసారి ఆటలు జరిగేవి, గెలిచినవాడికి బంగారం కాదు, పైన్ కొమ్మల దండ. కొంతకాలం ఎండిన సెలరీ ఆకుల దండ కూడా ఇచ్చారు, సెలరీ అంటే మన కొత్తిమీరకి చుట్టం. పౌలుగారు కొరింథువాళ్లకి "క్షయమగు కిరీటము" అని రాస్తే వాళ్లకి వెంటనే ఎందుకు తగిలిందంటే, ఆ దండలు వాళ్ల కళ్లముందువే. ఆమె ముగించేసరికి కొత్తిమీర తలలు వాల్చేసి ఆ పిల్ల చెవుల మీద పడింది. పిల్లలు విరగబడి నవ్వారు. వాక్యం ఎవరూ మర్చిపోరు. ఆ ఇరవై నిమిషాలకి నావైపు నుంచి అయిదు స్టార్లు.

ఇంటికొచ్చి బైబిల్ తీశాను. కొరింథీయులకు "బహుమానము పొందునట్లుగా పరుగెత్తుడి" అని రాసిన అదే చెయ్యి రోమీయులకు తొమ్మిదో అధ్యాయం 16వ వచనంలో ఇంకోటి రాసింది. "పొందగోరువానివలననైనను, ప్రయాసపడువానివలననైనను కాదు గాని, కరుణించు దేవునివలననే అగును" అని. మన తెలుగులో ప్రయాసపడువాడు అని ఉన్నచోట పాత ఇంగ్లిష్ బైబిల్‌లో పరుగెత్తేవాడు అని ఉంటుంది. మర్నాడు ఆ అమ్మాయిని అడిగితే గ్రీకులో కూడా పరుగెత్తడం అన్న మాటే అంది. పరుగెత్తు అన్నదీ ఆయనే, పరుగెత్తడం వల్ల కాదు అన్నదీ ఆయనే. లోపలికి వచ్చేసినవాళ్లకి మొదటిది, వచ్చే దారి గురించి రెండోది. నాలుగోరోజు ప్రసంగంలో ఈ రెండూ కలిసిపోయాయి, దానికి రెండున్నర ఇందుకే.

ఎనిమిదోరోజు క్రికెట్ కుర్రాడి వంతు. 2019లో లార్డ్స్ టెస్టు, ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ స్టీవ్ స్మిత్ మెడకి ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి తగిలింది, మర్నాటికి ఆడలేకపోయాడు. తలకి దెబ్బ తగిలితే బదులు ఆటగాణ్ణి దింపే రూలు అప్పుడే వచ్చింది, ఆ రూలు కింద టెస్టుల్లో దిగిన మొదటివాడు లబుషేన్, 59 కొట్టాడు. మామూలు సబ్‌స్టిట్యూట్ అయితే ఫీల్డింగే, బ్యాటు పట్టలేడు. ఈ రూల్లో వచ్చేవాడు దెబ్బతిన్నవాడి లాంటి ఆటగాడే అయ్యుండాలి, బ్యాట్స్‌మన్‌కి బ్యాట్స్‌మన్. "అందుకే యేసయ్య దేవదూతలా రాలేదు, మనిషిలా వచ్చాడు" అన్నాడు. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. ఇంత సూటిగా పెద్ద పెద్ద సభల్లో కూడా వినలేదు.

అయినా నాకొక పేచీ ఉంది. లబుషేన్ కొట్టిన 59 లబుషేన్ ఖాతాలోనే ఉన్నాయి. స్మిత్ రికార్డుకి ఒక్క పరుగు కలవలేదు. రక్షణలో జరిగేది అది కాదు కదా. ఆడింది యేసయ్య, పరుగులు మన పేరున. ఆ పని చేసే రూలు నాకు తెలిసి ఏ ఆటలోనూ లేదు.

ఆ రాత్రి మావాడికి ఆటతో సంబంధంలేని కథ చెప్పాను. నిజానికి సంబంధం ఉంది. నేను ఎడంచేతి స్పిన్నర్ని. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కోసం రెండుసార్లు ట్రయల్స్‌కి వెళ్లాను, రెండుసార్లూ తిప్పి పంపారు. తప్పు వాళ్లది కాదు, నా బంతి తిరగలేదు. ఇరవై రెండేళ్లప్పుడు మా నాన్న సర్వీసులో ఉండగానే పోయారు. రాత్రి అన్నం తిని పడుకున్నారు, తెల్లారి లేవలేదు. కారుణ్య నియామకం కింద నాకు ఉద్యోగం ఇచ్చారు. మొదటిరోజు వర్క్‌షాపులో ముసలి మిస్త్రీ ఒకాయన ఏమీ మాట్లాడకుండా నా చేతిలో ఒక తాళంచెవి పెట్టాడు. మా నాన్న టూల్ బాక్సుది. దాని మూత మీద ఆయన టోకెన్ నంబరు తెల్ల పెయింటుతో రాసి ఉంది, ఆయన చేతిరాతే, ఏడుకి మధ్యలో అడ్డగీత. లోపల స్పానర్లు గుడ్డలో చుట్టి వరసగా.

మా బ్యాచ్‌లో స్పోర్ట్స్ కోటా కుర్రాళ్లు ఇద్దరుండేవాళ్లు. ఆడి సంపాదించుకున్నామని ఛాతీ విరుచుకుని తిరిగేవాళ్లు, తిరగాల్సిందే. నేను మాత్రం చాలాకాలం తల దించుకున్నాను. నేను గెలవలేదు. ఒకాయన చచ్చిపోతే నాకు వచ్చింది. ముప్పై ఏళ్లు దాటింది, ఒక్కరోజు ఆలస్యంగా వెళ్లలేదు. ఆ ఉద్యోగం రావాలని చేసిన పని కాదు అది, వచ్చేసింది కాబట్టి చేసిన పని.

మావాడు అంతా విని, "అయితే నువ్వు రెండుసార్లు డకౌటా తాతా?" అన్నాడు.

"రెండుసార్లు" అన్నాను. వాడి మొహంలో ఎంత సంతోషమో.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తొమ్మిదోరోజు ఇంగ్లండ్ క్రికెటర్ సి.టి. స్టడ్ కథ. 1882లో ఓవల్ టెస్టులో ఆస్ట్రేలియా చేతిలో ఇంగ్లండ్ ఏడు పరుగులతో ఓడింది, ఆ రెండు జట్ల సిరీస్‌కి యాషెస్ అన్న మాట పుట్టింది ఆ ఓటమిలోంచే. ఆ సీజన్‌లో ఆస్ట్రేలియావాళ్ల మీదే సెంచరీలు కొట్టిన స్టడ్ ఆ రెండో ఇన్నింగ్స్‌లో ఒక్క బంతి కూడా ఆడకుండా అవతలి ఎండ్‌లో నాటౌట్‌గా నిలబడిపోయాడు. తర్వాత చైనాకి మిషనరీగా వెళ్లాడు, 1900 తర్వాత కొన్నేళ్లు మన ఊటీలో పాస్టర్‌గా ఉన్నాడు. కథ మంచిది, కానీ చెప్పిన వాలంటీర్ చైనా దగ్గరే ఆపేశాడు. ఊటీ మాట చెప్పుంటే పిల్లలు ఇంకా దగ్గరకి జరిగేవాళ్లు.

పదోరోజు ఫైనల్ మ్యాచ్. అదీ ఆదివారం పొద్దున ఆరింటికి! వారం ముందే, ఆదివారమని 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు వదులుకున్న ఎరిక్ లిడెల్ గురించి, ఆయన 400 మీటర్ల బంగారు పతకం గురించి ఇదే చెట్టు కింద చెప్పారు. గ్రౌండ్ వేరే రోజు దొరకలేదట. మ్యాచ్ ఆడి ఎనిమిదిన్నర ఆరాధనకి వచ్చిన పిల్లలు మొదటి పాటకే ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయారు. లిడెల్ అయితే ఏమనేవాడో అయ్యగారే చెప్పాలి.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెబుతాను. పాంప్లెట్ మీద "ఆటలు, విలువలు" అని మాత్రమే వేశారు. మా పక్కింటి వాళ్లబ్బాయి కూడా వచ్చాడు, వాళ్లు హిందువులు. రోజూ సువార్త చెబుతారని వాళ్లమ్మకి మూడోరోజు దాకా తెలియదు. ఆవిడ గొడవేం చేయలేదు, కొత్తిమీర కథ ఆవిడకీ నచ్చింది. అయినా ముందే అచ్చు వేయాల్సింది. దాచి చెప్పేదాన్ని సువార్త అనరు.

చివర అందరికీ ఒకటే మెడల్. గెలిచిన టీమ్‌కీ, అడుగున ఉన్న టీమ్‌కీ. ఫస్ట్ వచ్చిన పిల్లవాడి తండ్రి గేటు దగ్గర గొడవపడ్డాడు, పదిరోజులు పాయింట్లు ఎందుకు లెక్కపెట్టినట్టు అని. నిజమే, లెక్కపెట్టకుండా ఉండాల్సింది. మెడల్ మాత్రం నాకు నచ్చింది. రిబ్బన్ ఆకుపచ్చ, అది కూడా రంగు దిగుతోంది.

వచ్చే ఏడు పంపుతాను. పంపేవాళ్లు లీటరు బాటిల్ ఇంటి నుంచే ఇచ్చి పంపండి, టీషర్టు విడిగా నానబెట్టండి. బండి ఐదూ నలభైకే పెట్టేసుకోవాలి, ఆరు దాటితే కూరగాయల బళ్లు వచ్చేస్తాయి, సందులో చోటుండదు.