ఎడంచేతి వాటం వాళ్లకు చెకుముకి తుపాకీ నకలు: 1757 నెల్లూరు సిపాయికి ఏది నప్పుతుంది

1757లో ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ ఫోర్డ్ సేన, ఆర్కాటు నవాబు తమ్ముడు నజీబుల్లా చేతిలో ఉన్న నెల్లూరు కోటను ముట్టడించి, పట్టుకోలేక వెనుదిరిగింది. ఆ ఘట్టాన్ని వేషాలతో ప్రదర్శించాలనుకునే ఎడంచేతి వాటం వాళ్లకు మన దేశంలో తయారయ్యే బ్రౌన్ బెస్ (ఆనాటి బ్రిటిష్ సైన్యపు చెకుముకి తుపాకీ) నకళ్లు ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం. ఇక్కడ చెప్పేది కాల్చడానికి వీల్లేని నకలు గురించే, గొట్టానికి రంజకపు రంధ్రం (లోపలి మందుకు నిప్పు చేరే దారి) వేయకుండా అమ్మే రకం.

మొదట పొడవు చూడండి. బ్రౌన్ బెస్ రకాల్లో ఎక్కువగా అమ్మకానికి కనిపించేవి 39 అంగుళాల గొట్టం ఉన్న ఇండియా పాటర్న్, 42 అంగుళాల షార్ట్ ల్యాండ్. మొదటిది 1790ల నాటిది, రెండోది 1768 తర్వాతిది. మన ఘట్టానికి రెండూ ఆలస్యమే. 46 అంగుళాల లాంగ్ ల్యాండ్ అడగండి. ఫొటోలో పోల్చుకోవడం తేలికే: మందు కూరే కడ్డీ దూర్చే ఇత్తడి గొట్టాలు దీనికి నాలుగు, ఇండియా పాటర్న్‌కు మూడు. రాయిని పట్టుకునే కొక్కెం మెడ హంస మెడలా సన్నగా వంగి ఉండాలి. నడుమ కన్నం ఉన్న లావాటి మెడ 1809 తర్వాత వచ్చింది. అది కనిపిస్తే ఎంత చవకైనా వద్దు.

ఇక ఎడమ వైపు తాళం, అంటే కొక్కెం, రంజకపు గిన్నె ఉండి నిప్పు పుట్టించే యంత్రం, బిగించిన నకళ్లు. అరుదుగా అయినా దొరుకుతాయి, కానీ సిపాయి వేషానికి కొనకండి. సైన్యం అందరికీ కుడి తాళమే ఇచ్చింది, కాల్చడం కూడా కుడి భుజానికి ఆనించే నేర్పింది. తూటాల పెట్టె కుడి నడుముకు, బయొనెట్ (తుపాకీ కొసకు తగిలించే కత్తి) ఒర ఎడమకు. తాళం మారిస్తే తోలు సామానంతా తిప్పి కుట్టించాలి, అప్పుడు వరుసలో మీరొక్కరే వేరుగా కనిపిస్తారు. పైగా కుడి తాళం నిప్పును కుడి వైపుకు చిమ్ముతుంది, ఎడమ తాళం ఎడమకు. ఎడమ పక్కన నిలబడ్డవాడి తాళం, మీ తాళం ఎదురెదురుగా వస్తాయి.

కుడి తాళం తుపాకీనే ఎడమ భుజానికి ఆనించడం ఇంకా చెడ్డది. చెంప తుపాకీ మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద ఆనినప్పుడు రంజకపు గిన్నె సరిగ్గా కంటి ముందుకొస్తుంది. మందు లేకపోయినా రవ్వలు, చెకుముకి పెళ్లలు ఎగురుతాయి. అందుకే కుడి భుజం అలవాటు చేసుకోవడమే దారి. వెనక గురి మీట లేని నున్నని గొట్టం కాబట్టి ఎడమ కన్ను బలంగా ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు. ప్రదర్శనలో ఎటూ మనుషుల వైపు గురిపెట్టరు. ఎడమ తాళం అందంగా నప్పేది సొంతంగా తుపాకీ చేయించుకున్న వేటగాడి వేషానికి.

పార్సిల్ రాగానే ఫ్రిజన్ చూడండి, అంటే రాయి తగిలే ఉక్కు పలక. దాని అంచు మీద ఆకురాయి పెట్టి గీస్తే జారిపోవాలి. కొరికిందంటే పలకను సరిగ్గా గట్టిపరచలేదని, రవ్వలు రావు. కొత్త రాయిని మార్చి ప్రయోజనం లేదు, పలకనే గట్టిపరచాలి. ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. రాయిని తోలు ముక్కలో చుట్టి, అంచు పలకకు సమాంతరంగా ఉండేలా బిగించండి. వంకరగా ఉంటే ఒక మూలే తగిలి త్వరగా పగులుతుంది. తర్వాత కొక్కాన్ని సగం ఎత్తులో నిలిపి ట్రిగ్గర్ నొక్కండి. పడిపోతే ఆ తుపాకీని వాపసు పంపాలి. సర్దుకుపోవద్దు.

దస్తా కర్ర తరచూ షీషం ఉంటుంది, తాళం చుట్టూ అసలుదానికన్నా లావుగా వదిలేస్తారు. చిత్రిక పట్టిస్తే రూపం మెరుగవుతుంది. అసలు బయొనెట్ బ్లేడు 17 అంగుళాలు. 9 అంగుళాలు దాటిన బ్లేడు ఆయుధ నిబంధనల లెక్కలోకి రావచ్చు కాబట్టి చెక్కది చేయించండి. చెక్క గరిటెలు చెక్కే ఉదయగిరి పనివాళ్లకు ఇలాంటి నాజూకు పని కొత్త కాదు.

రంధ్రం మాత్రం ఎవరితోనూ వేయించకండి. నకలును తుపాకీగా మార్చడానికి 1959 ఆయుధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాలి. కొనేముందే కలెక్టరేట్‌లో ఆయుధ లైసెన్సులు చూసే విభాగానికి ఫొటోలతో అర్జీ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఊరేగింపు రోజున ఆ కాగితం, బిల్లు వెంట ఉంచుకోండి. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పు గాలికి మెరిసే ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. చేతి చెమట తుడిచి, కుట్టుమిషను నూనె పల్చగా రాసి, గుడ్డ ఒరలో కాకుండా గాలి తగిలేలా నిలబెట్టండి.