స్కాలరా, కృషికోశా, రాజేంద్రనగర్ బస్సా: అగ్రి బయోటెక్ ప్రాజెక్టుకు ఏది మేలు?

సినాప్సిస్ ఇచ్చే రోజులు దగ్గరపడితే చాలు, నల్లగొండ, పాలమూరు పిల్లల నుంచి అదే ప్రశ్న వస్తుంది: "సార్, ఫోన్‌ల గూగుల్ స్కాలర్ ఉండంగ రాజేంద్రనగర్ దాంక పోవాల్నా? కృషికోశ్ అంటున్నరు, అండ్ల ఏమన్న దొరుకుతదా?" ప్రత్తి, కంది, ఆముదం, వరి మీద బయోటెక్ ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థుల కోసం ఈ పోలిక: గూగుల్ స్కాలర్, వ్యవసాయ థీసిసుల ఆన్‌లైన్ భాండాగారం కృషికోశ్, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ లైబ్రరీ. స్కాలర్ ఎలా తెరవాలి, పీడీఎఫ్ ఎలా దించాలి అన్నవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు.

ఎక్కడ ఎన్ని వేల ఫలితాలు వస్తాయన్న లెక్కతో ఎంచుకుంటే మోసపోతారు. సమీక్ష అధ్యాయం నింపడానికి ముప్పై పేపర్లు ఎక్కడైనా దొరుకుతాయి. పని ఆగేది ల్యాబ్‌లో, పద్ధతి దగ్గర. ఏ ద్రావణం ఎంత కలపాలి, ఎంతసేపు ఉంచాలి, చెడితే ఎందుకు చెడింది అన్నది ఎక్కడ పూర్తిగా రాసి ఉందో అదే మీకు పనికొచ్చే వనరు. ఈ కొలబద్దతో చూస్తే నా ఓటు కృషికోశ్‌కే. అయితే దానికీ లోపాలున్నాయి, అవి చిన్నవేం కావు.

ప్రత్తి ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడమే చూడండి. జర్నల్ పేపర్‌లో పద్ధతుల కింద ఒక్క వాక్యం ఉంటుంది: "డాయిల్ అండ్ డాయిల్ 1987 పద్ధతిలో, చిన్న మార్పులతో." ఆ చిన్న మార్పులు ఏమిటో చెప్పరు. ప్రత్తిలో పాలీఫీనాల్స్, జిగురు చక్కెరలు ఎక్కువ. మామూలు సీటాబ్ (కణాలను విప్పే ఒక రకం డిటర్జెంట్) పద్ధతిలో చేస్తే ట్యూబు అడుగున గోధుమరంగు ముద్ద మిగులుతుంది, లేదంటే సాగే జిగురు తేలుతుంది. రెండింటిలోనూ పీసీఆర్, అంటే డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు పెంచే పని, నడవదు. అదే ప్రత్తి మీద వచ్చిన ఎమ్మెస్సీ అగ్రికల్చర్ థీసిస్ తెరిస్తే మూడో అధ్యాయంలో, లేకపోతే వెనక అనుబంధంలో, మొత్తం వంటకం దొరుకుతుంది. 100 మిల్లీలీటర్ల బఫర్‌కు సీటాబ్ 2 గ్రాములు, సోడియం క్లోరైడ్ 8.18 గ్రాములు (అంటే 1.4 మోలార్), 1 మోలార్ ట్రిస్ పీహెచ్ 8.0 ద్రావణం 10 మిల్లీలీటర్లు, 0.5 మోలార్ ఈడీటీఏ 4 మిల్లీలీటర్లు, పీవీపీ 2 గ్రాములు. బీటా మెర్కాప్టోఇథనాల్ 0.2 శాతం, అదీ వాడే ముందు మాత్రమే. 65 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట, మధ్యమధ్యలో తిప్పుతూ. ఆ తర్వాత క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1. ముద్ద గోధుమరంగులోకి తిరిగితే పీవీపీ, మెర్కాప్టోఇథనాల్ పెంచాలని, జిగురు వస్తే ఉప్పు సాంద్రత చూడాలని కూడా కొన్ని థీసిసుల్లో రాసి ఉంటుంది. పేపర్‌కు పేజీల పరిమితి ఉంటుంది. థీసిస్‌కు లేదు, పైగా తను చేసిందంతా గైడ్‌కు చూపించుకోవాలి కాబట్టి విద్యార్థి ఏదీ వదలడు.

కృషికోశ్‌ను నడిపేది ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ. దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిసులు అందులో ఉంటాయి. మన పిల్లలు వెతికి "ఏం లేవు సార్" అనడానికి మొదటి కారణం పేర్లు. ప్రొఫెసర్ జయశంకర్ పేరున్న తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2014లో విడిగా ఏర్పడింది. అంతకుముందు రాజేంద్రనగర్‌లో జరిగిన పని ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయం పేరు మీద ఉంటుంది. 1996కు ముందుదైతే ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, అంటే ఏపీఏయూ. జయశంకర్ పేరుతో మాత్రమే వెతికితే పాలెం, కంపాసాగర్ పరిశోధనా స్థానాల్లో దశాబ్దాలుగా జరిగిన పనిలో చాలా భాగం కంటికి కనబడదు. సంస్థల పేర్లతోనూ ఇదే తంటా. ఇప్పుడు నూనెగింజల పరిశోధనా సంస్థ అంటున్నది ఒకప్పుడు నూనెగింజల పరిశోధనా డైరెక్టరేట్, వరి సంస్థా అంతే. పాత పొడి పేర్లు డీఓఆర్, డీఆర్‌ఆర్‌తో కూడా ఒకసారి వెతకండి.

రెండో కారణం స్కాన్లు. పాత థీసిసులు చాలావరకు ఫొటోల్లాంటి పీడీఎఫ్‌లు, లోపలి మాటలు వెతుకులాటకు అందవు. వెతుకులాట నడిచేది శీర్షిక, సారాంశం, కీలకపదాల మీదే. అందుకని "నల్లగొండ జిల్లాలో ప్రత్తి గులాబీ పురుగు నిరోధకత" లాంటి పొడుగాటి వాక్యాన్ని ఇంగ్లీషులో కొట్టకండి. పంట పేరు ఒకటి, పద్ధతి పేరు ఒకటి, రెండు మాటలు చాలు. తర్వాత సంవత్సరం, విశ్వవిద్యాలయం వడపోతలు పెట్టుకోండి.

ఇక అసలు ప్రమాదం. థీసిస్ అచ్చు తప్పులకు పుట్టిల్లు. అన్నిటికన్నా చెడ్డది మైక్రో గుర్తు. పాత వర్డ్ ఫైళ్లలో ఆ గ్రీకు అక్షరాన్ని సింబల్ ఫాంటులో ఇంగ్లీషు ఎమ్ మీట నొక్కి తెచ్చేవారు. ఫాంటు మారగానే అది మళ్లీ మామూలు ఎమ్ అయిపోతుంది. దాంతో మైక్రోలీటర్లన్నీ మిల్లీలీటర్లుగా మారతాయి. పై బఫర్‌లో 200 మైక్రోలీటర్ల మెర్కాప్టోఇథనాల్ 200 మిల్లీలీటర్లుగా కనిపిస్తుంది, 100 మిల్లీలీటర్ల బఫర్‌లో! ఇంత ఘోరమైనది ఎవరైనా పట్టేస్తారు. ప్రైమర్ సాంద్రత మైక్రోమోలార్‌కు బదులు మిల్లీమోలార్ అని ఉంటే మాత్రం కొత్తవాళ్లు పట్టరు. దశాంశ చుక్క జారడం ఇంకో తప్పు. 1.4 మోలార్ ఉప్పు 0.14 అయిందనుకోండి, సీటాబ్, డీఎన్‌ఏ రెండూ కలిసి పేరుకుని మధ్య పొరలో చిక్కుకుంటాయి, చేతికి డీఎన్‌ఏ రాదు. కాబట్టి ఒకే పంట మీద కనీసం మూడు థీసిసులు, వీలైతే వేర్వేరు గైడ్ల కింద వచ్చినవి, పక్కపక్కన పెట్టి అంకెలు సరిచూడండి. ఒకే గైడ్ దగ్గరి పిల్లలు సీనియర్ థీసిస్‌ను తప్పులతో సహా దించుకునే అవకాశం ఉంది కాబట్టి వాళ్లవి మూడు చూసినా ఒకటి చూసినట్టే.

కృషికోశ్ చేతులెత్తేసే చోటు ఇంకొకటుంది: కొత్త విషయం. సాంబ మసూరిని జన్యు సవరణతో మార్చిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అదే "కమల", 2025 మేలో ప్రకటించారు. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో సాంబ మసూరి తెలియని రైతు ఉండడు, అందుకే నల్లగొండ పిల్లలకు ఈ అంశం మీద మోజు. ఎస్‌డీఎన్-1, ఎస్‌డీఎన్-2 రకాల (బయటి జన్యువు మిగలని) సవరణలకు జన్యుమార్పిడి జీవుల మీది 1989 నిబంధనల్లోని 7 నుంచి 11 వరకు ఉన్న నియమాల నుంచి మినహాయింపు వచ్చిందే 2022 మార్చిలో. ఇంత కొత్తదాని మీద థీసిసులు కుప్పలుగా ఉంటాయని ఆశపడొద్దు. ఇక్కడ జర్నల్స్ కావాలి.

జర్నల్స్ అంటే ఇప్పుడు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే విద్యాసంస్థలన్నిటి తరఫున కేంద్రమే జర్నల్స్‌కు చందా కట్టే పథకం. 2024 నవంబరు 25న కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది: మూడేళ్లకు 6,000 కోట్లు, 30 ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నల్స్. ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ అన్నీ అందులోకి వచ్చాయి. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు ఇది వర్తిస్తుంది, కాబట్టి మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం విద్యార్థులు దీన్ని అడిగి తీసుకోవచ్చు. ప్రైవేటు కాలేజీల వాళ్లకు మొదటి దశలో లేదు, మన రెండు జిల్లాల్లో సగం గోడు ఇదే. సదుపాయం ఉన్నవాళ్లు కూడా దాన్ని పోగొట్టుకునేది చిన్న పొరపాటుతో. ఫోన్‌లో సొంత డేటా మీద పేపర్ తెరుస్తారు, ముప్పై నలభై డాలర్లు కట్టమంటుంది, "మనకు లేదు" అనుకుని మూసేస్తారు. క్యాంపస్ నెట్‌వర్క్ నుంచి తెరవండి. బయటి నుంచి కావాలంటే లైబ్రేరియన్ దగ్గర సంస్థ లాగిన్ అడగండి. మీ కాలేజీ నమోదైందో లేదో మొదట తెలిసేది కూడా ఆయనకే.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు, ఐకార్ (భారతీయ వ్యవసాయ పరిశోధనా మండలి) సంస్థలకు జర్నల్స్ అందించే సెరా అనే మరో కూటమి ఉంది. పాలెం వ్యవసాయ కళాశాలలో చదివేవాళ్లకు అది దగ్గరి దారి. మామూలు విశ్వవిద్యాలయాల పిల్లలు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

స్కాలర్‌ను తీసిపారేయడం లేదు. అది పుస్తకాల గది కాదు, గదికి దారి చూపే బోర్డు. బోర్డు సరిగ్గా చూపాలంటే అడిగే మాట సరిగ్గా ఉండాలి. ఆముదం మీద పాలమూరు పిల్లలు ఇంగ్లీషులో "కాస్టర్" అని కొడితే బీవర్ అనే జంతువు మీద కూడా పేపర్లు వస్తాయి, దాని శాస్త్రీయ ప్రజాతి పేరు కూడా కాస్టరే మరి. "రిసినస్ కమ్యూనిస్" అని కొటేషన్ గుర్తుల మధ్య కొట్టండి. ప్రత్తికి "గాసిపియం హిర్సుటం", గులాబీ పురుగుకు "పెక్టినోఫోరా గాసిపియెల్లా". కందికి ఇంగ్లీషులో పిజియన్‌పీ, రెడ్‌గ్రామ్, తుర్, అర్హర్ అని నాలుగు పేర్లు తిరుగుతాయి, లాటిన్ పేరు "కజానస్ కజాన్" అయితే అన్నీ ఒక్క దెబ్బకు దొరుకుతాయి. బీటీ ప్రోటీన్ల పేర్లకు ఇంకో చిక్కు: 1998లో వాటి రాత పద్ధతి మారింది. ఇప్పుడు అరబిక్ అంకెతో రాసే క్రై1ఏసీని అంతకుముందు రోమన్ అంకెతో, చివరి అక్షరం బ్రాకెట్‌లో పెట్టి రాసేవారు. ఒక్క రూపంతో వెతికితే తొంభైల నాటి మూల పరిశోధన మొత్తం జారిపోతుంది. సంవత్సరం వడపోత కూడా ఆలోచించి పెట్టండి. మన దేశంలో బీటీ ప్రత్తికి అనుమతి 2002లో, రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 వచ్చింది 2006లో. ఆలోపు ఇక్కడి పొలాల్లో జరిగిన పని ఒకే జన్యువు మీద. ఆ అంకెలను ఇప్పటి గులాబీ పురుగుకు అంటగడితే వైవాలో దొరికిపోతారు.

స్కాలర్‌లో నిజంగా విలువైనది ప్రతి ఫలితం కింద ఉండే "సైటెడ్ బై". మంచి పాత పేపర్ ఒకటి పట్టి, దాన్ని ఉదహరించిన వాటిలోనే మళ్లీ వెతికితే గంటలో పని తేలుతుంది. "ఆల్ వర్షన్స్" నొక్కితే ఉచిత ప్రతి ఎక్కడైనా ఉంటే బయటపడుతుంది. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే జర్నల్స్‌ను మాత్రం స్కాలర్ వడకట్టదు. ఆ జర్నల్‌కు జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఇచ్చే నాస్ స్కోరు ఉందో లేదో చూసుకోండి.

మిగతావి క్లుప్తంగా. కంది, వేరుశనగ, శనగ, జొన్న వాళ్లు పటాన్‌చెరు ఇక్రిశాట్ ఓపెన్ యాక్సెస్ భాండాగారం తప్పక చూడాలి. అది ఉచితం, కంది జన్యుపటం వచ్చిందీ ఆ సంస్థ చొరవతోనే. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ థీసిసులకు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారం. అధ్యాయాలు విడివిడి ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి పద్ధతుల అధ్యాయం ఒక్కటే దించుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ వారి పేపర్ల సూచిక అగ్రిస్ ఫర్వాలేదు. జిల్లా గ్రంథాలయం గ్రూప్స్‌కు చదివేవాళ్లకు.

మరి రాజేంద్రనగర్ బస్సు? కృషికోశ్‌లో శీర్షిక కనిపించి పూర్తి పాఠం తెరుచుకోనప్పుడు మాత్రమే ఎక్కండి. పాలమూరు వాళ్లు బెంగళూరు హైవే మీద వస్తారు కాబట్టి ఆరాంఘర్‌లో దిగితే చాలు. నల్లగొండ వాళ్లు ఎల్బీ నగర్ నుంచి మళ్లీ చుట్టుకుని రావాలి, సగం పూట దారిలోనే పోతుంది. బయటి విద్యార్థులను లోపలికి పంపే తీరు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. విభాగాధిపతి సంతకం, ముద్ర ఉన్న లేఖ, ఐడీ కార్డు దగ్గర ఉంచుకోండి. కావలసిన థీసిసుల శీర్షిక, రచయిత, సంవత్సరం కాగితం మీద రాసుకుని వెళ్లండి, అక్కడికి వెళ్లాక వెతుకుదాం అంటే రోజు చాలదు. మొత్తం థీసిస్ నకలు ఇవ్వరనుకునే వెళ్లండి. ముందు చేరాల్సింది పద్ధతుల అధ్యాయానికి, వెనక అనుబంధాలకు. రాసుకునేటప్పుడు మైక్రోను గుర్తుగా కాకుండా మాటగానే రాసుకోండి.