ఎగుమతికి తాళం: ఢిల్లీ పద్ధతి మేలా, వాషింగ్టన్ పద్ధతి మేలా?

మిర్యాలగూడలో రైస్ మిల్లు పెట్టుకోవడానికి అనుమతులు చాలావరకు రాష్ట్రం చేతిలోనే ఉంటాయి. రాజ్యాంగం ఏడో షెడ్యూలు అలా పంచింది; 2014 నాటి తెలంగాణ పరిశ్రమల అనుమతుల చట్టం, టీఎస్ ఐపాస్, ఆ అనుమతులను ఒకచోటికి చేర్చింది. ఆడించిన బియ్యం ఓడ ఎక్కాలంటే మాత్రం మాట ఢిల్లీదే. విదేశీ వాణిజ్యం కేంద్ర జాబితాలోది.

2023 జులై 20న కేంద్ర వాణిజ్య శాఖ బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఉప్పుడు బియ్యాన్ని ఆపలేదు. దాని మీద ఆగస్టులో ఆర్థిక శాఖ 20 శాతం సుంకం వేసింది. సాగర్ ఎడమ కాలువ కింది మిల్లులకు ఉప్పుడు బియ్యం సరదా కాదు. ఎండల్లో పండే యాసంగి ధాన్యాన్ని పచ్చిగా ఆడిస్తే నూకే ఎక్కువ వస్తుంది, కాబట్టి ఉడకబెట్టక తప్పదు. తెల్ల బియ్యం మీద నిషేధం 2024 సెప్టెంబరు చివరిదాకా సాగింది. ఉప్పుడు బియ్యం సుంకం అక్టోబరులో పోయింది.

అమెరికాలో ఈ సుంకం అసలు కుదరదు. ఎగుమతుల మీద పన్ను వేయరాదని అక్కడి రాజ్యాంగమే అంటుంది. 1787లో దాన్ని పట్టుబట్టి రాయించుకున్నది దక్షిణాది రాష్ట్రాలు. వాటిలో దక్షిణ కరోలినా వరి పండించేది. బానిసల చెమటతో పండించిన వరి అది, ఆ సంగతి మరవకూడదు. అయినా పంట అమ్ముకునేవాడి భయం మనకు తెలిసిందే.

వినగానే మిల్లరు ఓటు అమెరికాకే పడుతుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆ రాజ్యాంగం ఆపింది పన్నును, నిషేధాన్ని కాదు. 1973 జూన్‌లో ధరలు మండిపోతే నిక్సన్ ప్రభుత్వం సోయా ఎగుమతులను ఆపేసింది. టోఫుకు ఆ సోయా మీదే ఆధారపడిన జపాన్ బెదిరిపోయి, తర్వాత బ్రెజిల్‌లో సాగుకు డబ్బు పెట్టింది. అంటే సుంకం వేసే దారి లేనిచోట చేతికందేది తాళమే, అంటే నిషేధమే. సుంకమైతే లెక్క వేసుకోవచ్చు: క్వింటాలుకు ఎంత పోతుంది, ఏ ధరకు అమ్మితే గిట్టుబాటు అని. తాళానికి లెక్క లేదు, కొనేవాడు వేరే దేశం వెతుక్కుంటాడు.

అందుకే నా ఓటు ఢిల్లీ పద్ధతికి, అందులోనూ సుంకానికి. బస్తీలో బియ్యం కొనుక్కునే కుటుంబానికీ అది కొంత ఊరటే. నాకు మింగుడుపడనిది సుంకమైనా నిషేధమైనా నోటిఫికేషన్ వచ్చే తీరు. మంత్రివర్గం తలచుకుంటే పార్లమెంటులో చర్చ లేకుండానే రాత్రికి రాత్రి వస్తుంది. 2023 నిషేధంలో అప్పటికే ఓడకు ఎక్కిస్తున్న సరుకును వదిలిపెట్టారు. బేరం కుదిరి మిల్లు గోదాములో ఉన్న బస్తాలకు ఆ వెసులుబాటు దక్కలేదు.