పొగతోటలో దంపతుల కౌన్సెలింగ్: తీర్పు చెప్పలేదు, మాట్లాడించారు

నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రి పైఅంతస్తులో దంపతులకు కౌన్సెలింగ్ ఇచ్చే సైకాలజిస్టు గారి దగ్గరికి మేమిద్దరం ఈ ఏడాది వెళ్లాం. వెళ్లాలా వద్దా అని తటపటాయించేవారి కోసం రాస్తున్నాను.

మాది ఇందుకూరుపేట వైపు. మా ఆయనకు రొయ్యల గుంటలున్నాయి. వనామీ రొయ్య ధర పడినా, రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చినా ఆయన నోరు మెదపరు. మేత డీలరుకు మేమెంత బాకీ ఉన్నామో నాకు ఊళ్లోవాళ్లు చెబితే తెలిసేది. అడిగితే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు చూడాలంటూ గుంట దగ్గరికి వెళ్లిపోయేవారు. పెద్దవాళ్లు కూర్చోబెట్టి మాట్లాడించినా, ఎవరిది తప్పో తేల్చడంతోనే సరిపోయింది.

ఇక్కడ మొదట ఇద్దరితో విడివిడిగా మాట్లాడారు. ఆయన చెయ్యి చేసుకుంటారా, ఇంట్లో నోరు తెరవడానికి మీరు భయపడుతున్నారా అని నన్ను అడిగారు. భయమున్న ఇంట్లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మనసు విప్పమంటే, తర్వాత దెబ్బలు తినేది ఆడమనిషే. ఆ ప్రశ్న అడగని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లకండి. కొట్టే మనిషితో ఉన్నవారు ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.

తర్వాత అసలు పని. ఒకరు చెప్పింది రెండోవారు తమ జవాబేమీ కలపకుండా తిరిగి చెప్పాలి. "డీలరు మనిషి ఇంటికొచ్చి అడిగితే నాకు భయమేసింది" అన్నాను. "నా మీద నమ్మకం లేదంటోంది" అన్నారు మా ఆయన. "ఆమె నమ్మకం మాట ఎత్తలేదండీ, భయమన్నారు. మళ్లీ చెప్పండి" అన్నారు మేడమ్. ఆయన మళ్లీ చెప్పి, కాసేపాగి నావైపు తిరిగి, "ఎప్పుడొచ్చాడు వాడు?" అని అడిగారు. ఆ సంగతి ఆయనకు అంతవరకు తెలియదు. ఇచ్చిన డబ్బు నా వరకు అక్కడే ముట్టింది.

దంపతుల మాటల తీరును దశాబ్దాల పాటు గమనించిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కాపురాన్ని దెబ్బతీసే నాలుగు అలవాట్లను గుర్తించారు: మనిషినే తప్పుపట్టడం, చులకన చేయడం, తప్పు తనది కాదని వాదించడం, గోడలా బిగుసుకుపోవడం. మా ఇంట్లో నాలుగోది. గుండె దడదడలాడుతున్నప్పుడు మాట తలకెక్కదు, కనీసం 20 నిమిషాల విరామం కావాలి, అయితే ఎప్పుడొస్తారో చెప్పి వెళ్లాలి అన్నారు మేడమ్. ఇప్పుడు మా ఆయన "తొమ్మిదింటికి వచ్చి మాట్లాడతా" అని చెప్పి గుంటకు వెళ్తున్నారు. వస్తున్నారు కూడా.

లోపాలూ ఉన్నాయి. వేచి ఉండే హాలు మిగతా రోగులతో కలిసే ఉంటుంది, తెలిసినవాళ్లు ఎదురుపడతారు. తలుపు పల్చన, లోపలి మాటలు బయటికి వినిపిస్తాయి. దీన్ని వాళ్లు వెంటనే సరిచేయాలి. గంటకు 900 రూపాయలు తీసుకుంటారు. రొయ్యల పట్టుబడి రోజున మేము రాలేకపోతే మాత్రం అదనంగా ఏమీ అడగకుండా మరో సమయం ఇచ్చారు.